కూలిన ఇంటి వీధి

తన కంటితో చూడని ఇంటికి ‘బలంగానే ఉంది’ అని సంతకం పెట్టిన మనిషిని పోయినవారం సైనిక్‌పురిలో గేటు దగ్గర, క్యాబ్ కోసం నిలబడి ఉండగా వదిలిపెట్టాం. ఆయన పేరు రామభద్రరావు. అరవై తొమ్మిదేళ్ళ ఇంజినీరు. రిటైరయ్యాక, కొడుకు హేమచంద్ర నడిపే కట్టడాల తనిఖీ సంస్థకి తన లైసెన్సునీ సంతకాన్నీ అప్పజెప్పి, ఇంట్లో పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. సికింద్రాబాద్‌లో పాట్ మార్కెట్ వెనక సందులో ఉన్న రామ్‌విలాస్ బిల్డింగ్ వాడకానికి యోగ్యమేనని ఆయన సంతకం చేసిన అయిదు నెలలకి, ఒక వానాకాలం తెల్లవారుజామున, ఆ బిల్డింగ్ కూలింది. ముగ్గురు పోయారు. అందులో ఒకడు, కింది అంతస్తులో నగలు చేసే కంసాలి, పేరు బ్రహ్మచారి.

షాపు పెంచుకోవడానికి బ్రహ్మచారే వెనకగోడ పగలగొట్టాడని, అందుకే బిల్డింగ్ పడిపోయిందని హేమచంద్ర వాదన. సోమవారం పదిన్నరకి విచారణాధికారి ముందు రామభద్రరావు చెప్పాల్సింది ఒక్క వాక్యం. ‘నేను తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ గోడ ఉంది.’ ఆయన తనిఖీకి వెళ్ళలేదు. గోడ సంగతి ఆయనకి తెలియదు. ఆదివారం పొద్దున్న బయల్దేరింది అందుకే.

ఒక్కడూ వెళ్ళి ఆ సందులో నిలబడే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఎవరైనా ‘ఎవరండీ మీరు’ అని అడిగితే చెప్పడానికి జవాబు లేదు. ఫోన్‌లో వెతుకుతుంటే ‘పాత సికింద్రాబాద్‌లో ఒక రోజు నడక’ అని కనిపించింది. నడిపించే అమ్మాయి పేరు కల్పలత. చూపించే చోట్లలో పాట్ మార్కెట్ సందులు కూడా ఉన్నాయి. గుంపులో ఒకడిగా, యాత్రికుడిలా వెళ్తే ఎవరూ ఏమీ అడగరు. ఆర్.బి.రావు అని పేరిచ్చి టికెట్ తీసుకున్నాడు. భార్య కుసుమకుమారికి పాత స్నేహితులని చూసొస్తానని చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఊరిని చూడడానికి అలా టికెట్ కొనుక్కుని వచ్చాడు.

క్లాక్ టవర్ పార్కు దగ్గరికి ఏడున్నరకి చేరేసరికి పదిమంది అప్పటికే ఉన్నారు. అందరికీ స్పోర్ట్స్ బూట్లు, భుజాన నీళ్ళ సీసాలు. రామభద్రరావు కాళ్ళకి ఆఫీసు రోజుల నాటి తోలు చెప్పులు. కల్పలతకి ముప్ఫై ఏళ్ళుంటాయి. బక్కపల్చటి మనిషి. చేతిలో అట్ట, అట్ట మీద పేర్ల కాగితం. ఒక్కొక్కరి పేరూ పిలిచి టిక్కు పెడుతోంది. ఆయన పేరు దగ్గర పెన్ను ఆపి, తలెత్తి చూసింది.

“రావు సార్, మోకాళ్ళు బాగనే ఉన్నయా? ఇయ్యాల మస్తు నడవాలె. సాయంత్రం ఆరైతది.”

“నడుస్తానమ్మా.”

“ఎక్కడన్న అలిసిపోతే చెప్పుండ్రి. మొహమాటపడొద్దు.”

నిజానికి ఆయన అప్పటికే అలిసిపోయాడు. మూడు వారాలుగా నిద్ర సరిగ్గా లేదు. మంచం మీదనుంచి లేవగానే నిన్నటి అలసట ఒంట్లోనే ఉంటోంది.

నడక మొదలైంది. ఆదివారం కావడంతో జనరల్ బజార్ షట్టర్లు చాలామటుకు దించే ఉన్నాయి. కల్పలత వెనక్కి తిరిగి నడుస్తూ మాట్లాడుతోంది. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినపడుతోంది.

“ఇప్పుడు మనమందరం ఎంజీ రోడ్ అంటం. మా తాత చచ్చిపోయేదాక జేమ్స్ స్ట్రీట్ అనే అన్నడు. ఆర్పీ రోడ్‌ని కింగ్స్‌వే అన్నడు. పేరు మార్చుడు సర్కారు పని, పిలుచుడు మన పని అంటుండె.”

అందరూ నవ్వారు. గుంపులో చెన్నై నుంచి వచ్చిన భార్యాభర్తలు జెనిఫర్, పాల్ ఉన్నారు. పాల్ తాత ఇక్కడ రైల్వేలో ఫైర్‌మన్‌గా చేశాడట. ఆయన ఏ పాత ఇల్లు కనపడినా ‘ఇలాంటిదే, సరిగ్గా ఇలాంటిదే’ అంటూ ఫొటో తీస్తున్నాడు. మహంకాళి గుడి దగ్గర కల్పలత పది నిమిషాలు ఆగి, బోనాల రోజుల్లో ఈ వీధి ఎలా ఉంటుందో చెప్పింది. మిగతావాళ్ళు లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చారు. రామభద్రరావు చెప్పులు విప్పలేదు. ఎదురుగా మూసి ఉన్న బట్టలకొట్టు మెట్టు మీద కూర్చున్నాడు.

అందరూ చూస్తున్న ఊరు ఒకటి, ఆయన చూస్తున్న ఊరు ఒకటి. వాళ్ళకి చెక్క కిటికీలు, ఇనుప పువ్వుల రెయిలింగులు, గుమ్మాల మీద పాత తేదీలు కనపడుతున్నాయి. ఆయనకి పగుళ్ళు కనపడుతున్నాయి. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు. గోడ ఎక్కడ నీళ్ళు తాగిందో, దూలం ఎక్కడ కుంగిందో, సున్నం ఎక్కడ పొడైపోయిందో కన్ను వద్దన్నా చదువుతూనే ఉంది. కళ్ళు మూసుకుంటే బాగుండుననిపించింది.

ఒక ఇంటి ముందు జెనిఫర్ ఫొటో కోసం బాల్కనీ కిందికి వెళ్ళి నిలబడింది. పాల్ ఫోన్ ఎత్తాడు.

“అమ్మా, అక్కడ నిలబడకండి,” అన్నాడు రామభద్రరావు. అంతసేపటికి ఆయన నోరు విప్పడం అదే మొదలు.

జెనిఫర్ కంగారుగా పక్కకి వచ్చింది. కల్పలత ఆగింది.

“ఎందుకు సార్?”

“ఆ కుడివైపు బ్రాకెట్ తుప్పు తినేసింది. బరువంతా ఎడమదాని మీదే ఉంది.”

“కింద నిలబడి చూస్తెనే తెలుస్తదా?”

“తెలుస్తుంది.”

“చూస్తె తెలుస్తదన్నట్టు,” అంది కల్పలత. మళ్ళీ ముందుకి తిరిగి నడిచింది.

ఆ మాట ఎందుకో ఆయనకి గుచ్చుకుంది. ఆ అమ్మాయి మామూలుగానే అని ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

మోండా మార్కెట్‌లో ఆదివారం జనం ఎక్కువ. కొత్తిమీర కట్టల తడి, ఎండుచేపల వాసన, తోపుడుబళ్ళ మధ్య నుంచి ఒకరి వెనక ఒకరు నడిచారు. ఎండ ముదిరింది. ఒంటిగంటకి ఒక ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, కొందరు సమోసాలు తీసుకున్నారు. ఆయన మోకాలు వాచింది. బల్ల కింద చేత్తో నొక్కుకుంటూ ఉన్నాడు. కల్పలత ఎదురు కుర్చీలో కూర్చుని ఆయనకో మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

“సార్, మీరు ఇక్కడినుంచే ఇంటికి పోవచ్చు. ఇగ పాట్ మార్కెట్ తప్ప పెద్దగ ఏం లేదు.”

“అదే చూడాలమ్మా.”

కల్పలత చాయ్ తాగడం పూర్తిచేసి లేచింది.

పాట్ మార్కెట్‌లో నగల కొట్లు సగం తెరిచి ఉన్నాయి. వెనక సందు ఆటో కూడా పట్టనంత ఇరుకు. మూడో మలుపులో, రెండు మేడల మధ్య, పన్ను ఊడిన చోటులా ఖాళీ. దానికి అడ్డంగా రేకులు కొట్టారు. ఒక రేకు మూల వంగి, మనిషి దూరేంత సందు ఉంది.

“ఇక్కడొక బిల్డింగ్ ఉండె. రామ్‌విలాస్ అని. పోయింది,” అంది కల్పలత నడక ఆపకుండానే.

“ఏమైంది?” అని అడిగాడు పాల్.

“వానకు కూలింది. రండ్రి, ముంగట ఒక మంచి బావి ఉంది చూపిస్త.”

గుంపు ముందుకి వెళ్ళింది. రామభద్రరావు ఆగిపోయాడు. వాళ్ళ మాటలు మలుపు తిరిగేదాకా ఆగి, రేకు పక్కకి జరిపి లోపలికి దూరాడు.

శిథిలాలు ఎప్పుడో ఎత్తేశారు. మిగిలింది నేల, పక్కింటి గోడ మీద పోయిన ఇంటి గుర్తులు. మెట్లు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళాయో గోడ మీద ఏటవాలు గీత ఉంది. పై అంతస్తు ఒక గదికి నీలం రంగు, ఇంకో గదికి గులాబీ రంగు. దూలాలు దిగిన కన్నాలు వరసగా ఉన్నాయి. ఆయన వాటిని చూడలేదు. తిన్నగా వెనకవైపుకి వెళ్ళాడు.

గోడ ఉంది. మోకాలెత్తున, ఈ చివరనుంచి ఆ చివరదాకా. పైది పడిపోయింది గానీ పునాది మీద కట్టు ఒక్కచోట కూడా తెగలేదు. గునపం దెబ్బ లేదు, కొత్త గుమ్మానికి కోసిన అంచు లేదు. కూలినప్పుడు విచారణవాళ్ళు తీసిన ఫొటోల్లో ఇక్కడ మనిషెత్తు మట్టి ఉంది. మట్టి తీశాక మళ్ళీ ఎవరూ వచ్చి చూసి ఉండరు.

తిరిగి ముందువైపు తూర్పు మూలకి వచ్చాడు. పక్కింటి మురుగు గొట్టం పగిలి, నీళ్ళు ఇప్పటికీ ఆ మూలలోకే ఇంకుతున్నాయి. రాళ్ళ మధ్య సున్నం వేలితో తీస్తే పెరుగులా వచ్చింది. ఇది నిన్నా మొన్నా జరిగింది కాదు. పదేళ్ళుగానైనా తడుస్తూ ఉండాలి. ఈ మూల మీద, పై అంతస్తు గోడౌన్‌లో, బట్టల బేళ్ళు. గోడౌన్‌కి అద్దెకివ్వడానికే ఇంటి యజమానికి ఆ సర్టిఫికెట్ కావలసివచ్చింది.

అయిదు నిమిషాలు పట్టింది. గడియారం చూసుకోలేదు గానీ అంతకంటే ఎక్కువ పట్టలేదు. ఆ రోజు డైనింగ్ టేబుల్ దగ్గర హేమచంద్ర కాగితాలు ముందు పెట్టి ‘పాత బిల్డింగే నాన్నా, ఫొటోలు చూశాను, ఏం ఫరవాలేదు’ అన్నప్పుడు, చెయ్యి తుడుచుకుని పెన్ను అందుకున్నాడు తను. ఆ చెయ్యి తుడుచుకున్నంత సేపు ఇక్కడికి వచ్చి నిలబడి ఉంటే ముగ్గురు బతికి ఉండేవాళ్ళు.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. అప్పుడు కనిపించాయి, కూర్చున్నచోటే, షాబాద్ బండల మీద రెండు గుండ్రటి గుర్తులు. అరచెయ్యంత వెడల్పు. వాటి చుట్టూ రాయి గాజులా పగిలింది.

“కూసున్నరా సార్?”

కల్పలత రేకు దగ్గర నిలబడి ఉంది. ఒక్కతే.

“మిగతావాళ్ళు?”

“పంపించేసిన. ఇగ చూసేటియి అయిపోయినయని చెప్పిన.” లోపలికి వచ్చి ఆయనకి రెండు గజాల దూరంలో ఆగింది. “ఏం కనబడ్డది, రామభద్రరావు గారు?”

ఆర్.బి.రావు అని తప్ప ఆయన ఎక్కడా పేరు చెప్పలేదు.

“నేనెవరో తెలుసా అమ్మా?”

“బుకింగ్ రాంగనే డౌటొచ్చింది. సైనిక్‌పురి, రావు, వయసు అరవై తొమ్మిది. పొద్దుగాల మొఖం చూసినంక ఖాయమైంది. మీ ఆఫీసు వెబ్‌సైట్ల మీ ఫొటో ఉంటది గదా. పద్నాలుగు నెలల సంది చూస్తనే ఉన్న ఆ ఫొటో.”

“మీరు…”

“బ్రహ్మచారి బిడ్డని.”

సందులోంచి స్కూటర్ ఒకటి వెళ్ళింది.

“తెలిసి కూడా పొద్దున్నే ఎందుకు పంపెయ్యలేదు?”

“ఎందుకొచ్చిన్రో చూద్దామనుకున్న. గోడల ఫొటోలు దీస్కొని పోనీకి వచ్చిన్రేమో అనుకున్న. ఇరానీల సుత చెప్పిన, ఇంటికి పొమ్మని. పోతరేమో చూసిన.” ఆమె గొంతులో కోపం లేదు. ఏడాదిపైగా ఆఫీసుల చుట్టూ తిరిగి అరిగిపోయిన గొంతు. “అడిగినదానికి చెప్పుండ్రి. మా బాపు గోడ పలగొట్టిండా?”

“లేదు.”

“పక్కానా?”

“గోడ అక్కడే ఉంది. పునాది మీద ఎక్కడా తెగలేదు. ఇల్లు పడింది ఆ మూలనుంచి. మురుగు నీళ్ళకి సున్నం పోయింది. పైన బరువు ఎక్కువైంది. మీ నాన్నగారు పగలగొట్టడం అన్నది ఇక్కడ జరగలేదు.”

కల్పలత మెల్లగా కూర్చుంది. మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, దాని అంచు గోటితో గీకుతూ ఉండిపోయింది.

“ఒక మాట అడుగుతానమ్మా. కూలడానికి ముందురోజుల్లో మీ నాన్నగారు ఏమైనా కర్రలు తెచ్చారా?”

“రెండు సర్వి కట్టెలు తెచ్చిండు, తోపుడుబండి మీద. మీకెట్ల ఎరుక?”

ఆయన బండల మీద గుర్తులు చూపించాడు. “ఇక్కడ నిలబెట్టాడు వాటిని. పైన దూలం కుంగుతోందని కనిపెట్టి ఊతం పెట్టాడు. బరువంతా మీద పడ్డప్పుడు కర్రలు రాయిలోకి దిగిపోయాయి. ఇవి ఆ గుర్తులు.”

ఆమె ఆ గుర్తుల మీద చెయ్యి పెట్టలేదు. చూస్తూ ఉంది. “ఈ మాట నాకు గాదు, మా అమ్మకు చెప్పాలె,” అంది. “వస్తరా?”

వస్తారా అని అడిగిందే గానీ జవాబు కోసం ఆగలేదు. ఆమె లేచి నడిచింది, ఆయన వెనకే నడిచాడు. ఆటో పిలుద్దామని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. స్టేషన్ పక్కనుంచి, బస్సుల పొగలోంచి, పెట్టెలు ఈడ్చుకుపోతున్న జనంలోంచి బోయిగూడ వైపు నడిచారు. కుడికాలు నేల మీద ఆనిస్తే నడుందాకా పోటు వస్తోంది. రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగాడు. ఆగినప్పుడల్లా కల్పలత కూడా ముందు ఆగి, వెనక్కి తిరగకుండా నిలబడింది.

బోయిగూడలో వాళ్ళది మేడ మీద రెండు గదుల పోర్షను. మెట్లు నిటారుగా ఉన్నాయి. లోపల కిటికీ దగ్గర చాప మీద కూర్చుని శ్యామలమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. అరవై దాటిన మనిషి. కూతురు ఆ వేళకి రావడం చూసి కంగారుపడింది.

“ఇంత జల్ది వచ్చినవేందే? ఆరుగొట్టంగ వస్తనంటివి గదా. పానం బాగలేదా?”

“బాగనే ఉన్న. ఈ సారు నీతోని మాట్లాడనీకి వచ్చిండు.”

“టూరిస్టు సారా? కూసోండ్రి. ఎండల వచ్చిన్రు. చాయ్ పెడ్త.”

“వద్దమ్మా,” అన్నాడు రామభద్రరావు. కుర్చీ చేత్తో దులిపి కూర్చున్నాడు. దారంతా కూడదీసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. “నేను ఇంజినీర్ని. రామ్‌విలాస్ బిల్డింగ్ బాగుందని కాగితం మీద సంతకం పెట్టింది నేనే.”

శ్యామలమ్మ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. కూతురి వైపు చూసింది. కల్పలత తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది.

“బిల్డింగ్ చూడకుండా పెట్టాను. అది నా తప్పు. దాన్ని తగ్గించుకోవడానికి రాలేదు. ఇవాళ వెళ్ళి చూశాను. మీ ఆయన గోడ పగలగొట్టలేదమ్మా.”

“ఇయ్యాల చూసి అప్పటి ముచ్చట ఎట్ల చెప్తవు సారూ?” అంది శ్యామలమ్మ. “నా చెవులతోని విన్న. ముందురోజు పొద్దుమూకినంక అన్నం డబ్బా దీస్కొని పోయిన. లోపల దడదడ కొడుతుండు. తలుపు గొట్టిన. తియ్యలే. ఏం పలగొడుతున్నవయ్యా, ఇల్లు కూలగొడ్తవా ఏందీ అన్న. డబ్బా ఆడ పెట్టి పో, లోపలికి రాకు అన్నడు. నాకు కోపమొచ్చింది. గంత దూరంకెల్లి నడిచివస్తె మొఖం సుత చూపియ్యడా అని. డబ్బా గడప మీద పెట్టి, తిట్టుకుంట వచ్చిన. అదే ఆఖరు.”

“అమ్మా, ఆయన దూలం కింద కర్రలు నిలబెడుతున్నాడు. కర్ర గట్టిగా పట్టాలంటే అడుగున ఏటవాలు చెక్కముక్కలు దూర్చి సుత్తితో కొట్టాలి. మీరు విన్న చప్పుడు అదే. పగలగొట్టడానికి కాదు, నిలబెట్టడానికి కొట్టాడు. మిమ్మల్ని లోపలికి రావద్దన్నది కూడా అందుకే. ఏ క్షణమైనా పడుతుందని ఆయనకి అర్థమైంది.”

“అర్థమైతే ఆయనెందుకు ఉన్నడు మరి?”

దానికి జవాబు కల్పలత ఇచ్చింది.

“పైన మెట్ల గదిల వాచ్‌మన్, ఆయన భార్య ఉంటుండ్రి గదనే. ఆళ్ళు ఊరికి పోయి ఆ రాత్రే వచ్చిన్రు. ఆళ్ళకు చెప్పి కిందికి దింపేదాక ఇల్లు ఆపాలని చూసిండేమో.”

పోయిన ముగ్గురిలో మిగతా ఇద్దరూ వాళ్ళే.

శ్యామలమ్మ చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంది. ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి, పెదవులు కదుపుతూ, ఆ సాయంత్రాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పుకుంటున్నట్టు కూర్చుంది. డబ్బా. తలుపు. లోపలికి రాకు. పద్నాలుగు నెలలు మోసిన మాటలు. ఇప్పుడు వాటి అర్థం మారుతుంటే ఆమె భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగాయి.

“తిట్టిన సారూ నేను,” అంది చివరికి. “ఆయన నన్ను కాపాడుతుంటె తిట్టుకుంట వచ్చిన.”

రామభద్రరావు తలదించుకున్నాడు. లేచి వెళ్ళిపోవాలనిపించింది, లేవడానికి ఒంట్లో శక్తి లేదు. “రేపు విచారణలో ఇదంతా చెప్తాను,” అన్నాడు. “నేను తనిఖీకి వెళ్ళలేదని కూడా చెప్తాను. తర్వాత ఏమైతే అది అవుతుంది.”

ఆ మాట వినగానే శ్యామలమ్మ ఇటు తిరిగింది. ముఖంలో ఏదో భయం.

“విచారణ అయిపోయింది గదా?”

“ఎవరు చెప్పారు?”

ఆమె కూతురి వైపు చూసి నసిగింది. “నువ్వు కోపం జేస్తవని చెప్పలేదే. ఒక సారు వస్తడు. రెండు నెలల సంది. నువ్వు ఆదివారం నడకకు పోతవు గదా, గప్పుడు. ఇంజినీర్ల ఆఫీసునుంచి అన్నడు. మీ ఆయనే గోడ పలగొట్టిండని రుజువైంది, ఇగ మీరు ఒప్పుకుంటె కేసు బందైతది, మీ బిడ్డను ఎవలు పరేషాన్ చెయ్యరు అన్నడు. నేను చప్పుడు విన్న గదా. నిజమే అనుకున్న.”

“ఒప్పుకునుడేందమ్మా?” కల్పలత తలుపు దగ్గరనుంచి కదిలింది. “ఏం ఒప్పుకున్నవ్?”

శ్యామలమ్మ గూట్లో దేవుడి పటం వెనక చూపించింది. కల్పలత మడత కాగితం తీసి విప్పింది. చివరిదాకా చదివింది. కాగితం రామభద్రరావుకి ఇచ్చింది. టైపు చేసిన పదిహేను లైన్లు. నా భర్త బ్రహ్మచారి సదరు గోడను తొలగించుచుండగా నేను స్వయంగా చూచితిని. కింద వంకర అక్షరాల్లో తెలుగులో సంతకం, ఇవాళ్టి తేదీ.

“చూచితిని అని రాసిండు. నేను చూడలేదని చెప్పిన. విన్నా చూసినా ఒక్కటే అన్నడు,” అంది శ్యామలమ్మ. “పోయిన ఆదివారం ఇచ్చిపోయిండు. ఇయ్యాల పొద్దుగాల సంతకం పెట్టిన. మూడింటికి వచ్చి తీస్కపోతనన్నడు.”

“ఎవలమ్మా ఆయన? పేరేంది?”

“పేరు అడగలేదే. మంచిగ మాట్లాడ్తడు. నలభై ఏండ్లుంటయి.” ఆమె రామభద్రరావు వైపు తేరిపార చూసింది. “నువ్వు వచ్చి కూసునేముందు కుర్చీ చేత్తోని దులిపినవ్ గదా సారూ. ఆయన సుత గట్లనే దులుపుతడు. నీ తీరుగనే ఉంటడు.”

గోడ గడియారం మూడుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కల్పలత కాగితం కోసం చెయ్యి చాపింది. రామభద్రరావు ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కింద కారు ఆగిన చప్పుడయింది. తర్వాత మెట్ల మీద బూట్లు. ఒక్కో మెట్టూ తీరిగ్గా ఎక్కుతున్న నడక. తలుపు మీద రెండుసార్లు వేలితో కొట్టిన చప్పుడు.

“శ్యామలమ్మగారూ, నేనేనండీ. కాగితం రెడీయేనా?”

రామభద్రరావు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. మోకాలు మెలిపెట్టినట్టయింది. కల్పలత గడియ తియ్యబోతుంటే చేత్తో వారించి, తానే తీశాడు.

గుమ్మంలో హేమచంద్ర. చేతిలో ఫైలు. పెదవుల మీద పెట్టుకొచ్చిన నవ్వు అలాగే ఉండిపోయింది.

“నాన్నా,” అన్నాడు. “మీరు ఇంట్లో ఉన్నారనుకున్నాను.”

లోపలికి రావడానికి ఒక అడుగు వేశాడు. రామభద్రరావు పక్కకి జరగలేదు.